నలుగురూ పట్టుకుంటేనే డిజిటల్ బడి

ట్యాబులొచ్చాయి. గోడలకు పెద్ద తెరలొచ్చాయి. ఇప్పుడు ఏఐ కూడా సర్కారు బడి గడప తొక్కింది. ప్రభుత్వాలు, కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధకులు చేతులు కలిపి చేస్తున్న ఈ పనిలో పిల్లలకు చదువు ఎంత అందుతోంది? అందాలంటే ఎవరు ఏ బాధ్యత మోయాలి?

ఏడో తరగతి అమ్మాయి ముందున్న ట్యాబులో ఒక లెక్క వచ్చింది: 1/2 + 1/3. ఆ అమ్మాయి 2/5 అని జవాబు కొట్టింది. లవాలు రెండూ కలిపింది, హారాలు రెండూ కలిపింది. నలభై మంది ఉన్న తరగతిలో అయితే టీచరు ఆ జవాబుకు తప్పు గుర్తు పెడతారు, బోర్డు మీద సరైన పద్ధతి ఇంకోసారి చేసి చూపిస్తారు, తర్వాతి అధ్యాయానికి వెళ్లిపోతారు. సిలబస్ ఎవరి కోసమూ ఆగదు. ఇక్కడ మాత్రం సాఫ్ట్‌వేర్ ఆ తప్పు ఎక్కడ పుట్టిందో వెతకడం మొదలుపెడుతుంది. సగం రొట్టె ఎక్కువా, 2/5 రొట్టె ఎక్కువా అని బొమ్మ వేసి అడుగుతుంది. సగానికి మరికొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా అయిందన్న అనుమానం అమ్మాయికే రావాలి. ఆ తర్వాత సమాన భిన్నాలు, ఆ తర్వాత క.సా.గు. అవసరమైతే నాలుగో తరగతి పాఠం దాకా వెనక్కి తీసుకెళ్లి, అక్కడ కుదురుకున్నాక మళ్లీ ఏడుకు తెస్తుంది. అదే సమయంలో పక్క కుర్రాడి ట్యాబులో బీజగణితం నడుస్తుంటుంది.

పిల్లల స్థాయిని బట్టి పాఠం మారే ఈ పద్ధతిని పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్ అంటారు. బడుల్లో వాడుక పేరు పాల్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఇది కొన్నేళ్లుగా నడుస్తోంది. బడి, పీరియడ్, టీచరు ప్రభుత్వానివి. సాఫ్ట్‌వేర్ కన్వేజీనియస్ అనే సంస్థది. పిల్లలు నిజంగా నేర్చుకున్నారా అని తేల్చింది షికాగో విశ్వవిద్యాలయంలో మైఖేల్ క్రేమర్ నడిపే పరిశోధన బృందం. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిసి 2019లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న క్రేమరే ఈయన. పాల్ ఉన్న బడుల పిల్లలు, లేని బడుల పిల్లల కంటే స్పష్టంగా ముందున్నారని ఆ బృందం తేల్చింది. ఇలా తేల్చి చెప్పే స్థితి రావడానికి కారణం ముగ్గురూ ఎవరి పని వారు చేయడమే. అమ్మినవారే మార్కులు వేసుకోలేదు. కొన్నవారే ఫలితాలు ప్రకటించుకోలేదు.

చదివేది ఏడు, వచ్చేది నాలుగు

ఇంత ఏర్పాటు ఎందుకంటే, మన తరగతి గదుల్లో ఒకే బెంచీ మీద మూడు నాలుగు తరగతుల స్థాయిలు కూర్చుని ఉంటాయి కాబట్టి. ప్రథమ్ సంస్థ తెచ్చే అసర్ నివేదిక ప్రకారం 2024లో గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. 2022లో 16.3 శాతమే కాబట్టి మెరుగుపడినట్టే. అయినా నలుగురిలో ముగ్గురు మూడో తరగతిలోనే వెనకబడి ఉన్నారు. పాఠం ముందుకు పోయేకొద్దీ ఆ ముగ్గురికీ పుస్తకానికీ మధ్య దూరం పెరుగుతూనే ఉంటుంది.

ఈ దూరాన్ని దగ్గరగా చూసిన అధ్యయనం ఢిల్లీలో జరిగింది. అహ్మదాబాద్‌కు చెందిన ఎడ్యుకేషనల్ ఇనిషియేటివ్స్ తయారుచేసిన మైండ్‌స్పార్క్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే కేంద్రాల్లో 2015లో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ దాదాపు 600 మంది పిల్లల మీద ఈ పరిశీలన చేశారు. లాటరీ తీసి సగం మందికి కేంద్రంలో ఉచితంగా చదివే అవకాశం ఇచ్చారు, మిగతా సగం మందితో పోల్చారు. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారని మొదటి పరీక్షలోనే తేలింది. మామూలు బడికి మాత్రమే వెళ్లిన పిల్లల్లో అట్టడుగున ఉన్న మూడో వంతు మంది ఆ కొన్ని నెలల్లో చెప్పుకోదగ్గదేమీ నేర్చుకోలేదు. కేంద్రానికి వెళ్లే అవకాశం వచ్చిన పిల్లలు నాలుగున్నర నెలల్లో లెక్కల్లో, హిందీలో మిగతావారి కంటే దాదాపు రెట్టింపు ముందుకెళ్లారు.

బడికి రోజూ వస్తూ ఏమీ నేర్చుకోకుండా ఇంటికి వెళ్లే పిల్లలు ఉన్నారన్నది ఈ అధ్యయనం ముఖం మీద చెప్పిన సత్యం. ఆ పిల్లలు సోమరులు కారు. వాళ్లకు అందే ఎత్తులో పాఠం లేదు, అంతే.

ఇలాంటి కొలతలు తెలుగు నేలకు కొత్త కాదు. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి 500 పల్లె బడుల్లో వరుస పరిశీలనలు చేశాయి. వాటిని నడిపించింది కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. అదనపు టీచరును ఇస్తే ఏమవుతుంది, బడికి నేరుగా నిధులిస్తే ఏమవుతుంది, పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు ప్రోత్సాహకం ఇస్తే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు అవి జవాబులు వెతికాయి. ఆ జవాబులను ఇప్పటికీ ప్రపంచమంతా ఉదహరిస్తోంది. టెక్నాలజీకి ముందే మన బడులు నలుగురి ఉమ్మడి పనికి వేదికయ్యాయి.

లక్షల ల్యాప్‌టాప్‌లు, కదలని మార్కులు

పరికరం ఇవ్వగానే పిల్లలు నేర్చేసుకుంటారన్న నమ్మకానికి పెద్ద దెబ్బ తగిలింది పెరూలో. 'పిల్లకో ల్యాప్‌టాప్' ఉద్యమాన్ని నమ్మి ఆ దేశం లక్షల సంఖ్యలో చిన్న ల్యాప్‌టాప్‌లు కొని పల్లె బడులకు పంపింది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ పరిశోధకులు 319 బడులను పరిశీలించి 2012లో ఫలితం చెప్పారు. పిల్లలు కంప్యూటర్లను బాగానే వాడారు. లెక్కల్లో, భాషలో మాత్రం ఎదుగుదల కనిపించలేదు. ఏ పాఠానికి, ఏ పీరియడ్‌లో, ఏ టీచరు చేత, ఎలా వాడాలన్న ఏర్పాటు ఆ పెట్టెలతో పాటు వెళ్లలేదు.

గుజరాత్‌లో లీ లిండెన్ చేసిన అధ్యయనం ఇంకో మెలిక బయటపెట్టింది. ఒకే సాఫ్ట్‌వేర్‌ను రెండు రకాలుగా వాడి చూశారు. బడి సమయంలో టీచరు పాఠం తీసేసి దాని బదులు కంప్యూటర్ పెట్టినచోట పిల్లలు నష్టపోయారు. బడి వేళ తర్వాత టీచరు పాఠానికి తోడుగా పెట్టినచోట లాభపడ్డారు, ముఖ్యంగా వెనకబడ్డవాళ్లు. యంత్రం అదే, పిల్లలు అలాంటివారే. టీచరు స్థానంలో కూర్చున్నదా, టీచరు పక్కన కూర్చున్నదా అన్నదే తేడా.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి అనుభవాన్ని కూడా ఈ వెలుగులో చూడాలి. ఆ ఏడాది జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ సంస్థతో ఉచిత పాఠాల కోసం ఒప్పందం చేసుకుంది. డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్లకు చెప్పే టీచర్లకు ఐదు లక్షలకు పైగా ట్యాబుల పంపిణీ మొదలైంది. పేదింటి పిల్లల చేతికి ఖరీదైన చదువు సామగ్రి రావడం చిన్న విషయం కాదు. ఇంటర్నెట్ లేకపోయినా పాఠం తెరుచుకునే ఏర్పాటు పల్లెలకు అక్కరకొచ్చేదే. కానీ 2024 జులైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠం ఇచ్చే సంస్థ రేపు లేకపోతే ఆ పాఠం ఎవరిది, దాన్ని కొత్త సిలబస్‌కు మార్చేదెవరు, పాడైన ట్యాబును బాగుచేసేదెవరు? ప్రతి ప్రభుత్వమూ సంతకం పెట్టే రోజునే ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోవాలి.

కేరళ దారి: బడి సొంతం చేసుకున్న టెక్నాలజీ

ఈ ప్రశ్నలను అందరికంటే ముందు వేసుకున్న రాష్ట్రం కేరళ. 2001లో ఐటీ ఎట్ స్కూల్ అనే ప్రాజెక్టుతో మొదలుపెట్టి, 2017లో దాన్ని కైట్ అనే ప్రభుత్వ సంస్థగా మార్చింది. కేరళ తొలినాళ్లలోనే ఒక నిర్ణయం తీసుకుంది: బడుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడాలి. లైసెన్సులకు కోట్లు కట్టే పని తప్పింది. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటుంది. తమకు కావలసిన పాఠాన్ని, బొమ్మను, ప్రయోగాన్ని మలయాళంలో తామే మార్చుకునే స్వేచ్ఛ టీచర్లకు దక్కింది. కంప్యూటర్ నేర్పడానికి బయటి సంస్థల మనుషులను తేవడం కాకుండా, సర్వీసులో ఉన్న టీచర్లనే శిక్షకులుగా తయారుచేసుకున్నారు.

ఎనిమిది నుంచి పన్నెండు దాకా 45,000 తరగతి గదులను హైటెక్ చేసినప్పుడు డబ్బులో పెద్ద వాటా రాష్ట్ర మౌలిక వసతుల నిధి సంస్థ కిఫ్‌బి నుంచి వచ్చింది. గదికి తలుపు తాళం, నేల, కరెంటు వైరింగు సరిచేసుకునే పనిలో స్థానిక సంస్థలు, తల్లిదండ్రుల సంఘాలు పాలుపంచుకున్నాయి. గది సిద్ధమైతేనే పరికరం వచ్చేది. యంత్రం చెడితే ఫిర్యాదు చేయడానికి వెబ్‌సైట్, గడువులోగా బాగుచేయని సరఫరాదారుకు జరిమానా ఒప్పందంలోనే ఉన్నాయి. బడిలోనే చిన్నపాటి మరమ్మతులు చూసుకోవడానికి, తోటి పిల్లలకు నేర్పడానికి 'లిటిల్ కైట్స్' పేరుతో విద్యార్థి దళాలు పుట్టాయి. 2020 జూన్ 1న, కరోనాతో బడులు మూతపడి ఉన్న రోజుల్లో, కైట్ విక్టర్స్ చానల్‌లో 'ఫస్ట్ బెల్' పాఠాలు మొదలవడానికి ఈ ఇరవై ఏళ్ల పునాదే కారణం. తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో అదే ఏడాది సెప్టెంబరు 1న పాఠాలు మొదలయ్యాయి. అక్కడా ఇక్కడా తేలింది ఒక్కటే: కష్టకాలంలో పనికొచ్చేది ముందే సొంతం చేసుకున్న వ్యవస్థ.

దేశం మొత్తానికీ అలాంటి ఉమ్మడి ఆస్తి ఒకటుంది. నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు 2017 సెప్టెంబరు 5న ప్రారంభించిన దీక్ష వేదిక అది. నందన్ నీలేకని తదితరులు స్థాపించిన ఎక్‌స్టెప్ ఫౌండేషన్ రూపొందించి, ఎవరైనా వాడుకునేలా తెరిచి ఉంచిన సన్‌బర్డ్ సాఫ్ట్‌వేర్ దాని పునాది. పాఠ్యపుస్తకం పేజీలో ఉండే క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో, అభ్యాసం తెరుచుకుంటాయి. దాతృత్వ సంస్థ వేదిక కట్టింది, కేంద్రం నడుపుతోంది, రాష్ట్రాలు తమ భాషలో పాఠాలు నింపుతున్నాయి. ఒకరు తప్పుకున్నా మిగతాది నిలిచే కట్టడం ఇది.

ఒత్తులు విని సరిదిద్దే యంత్రం

ఇప్పుడు తెలంగాణ వేస్తున్న అడుగు ఇంకా సూక్ష్మమైనది. 2025 ఆరంభంలో ఎక్‌స్టెప్ ఫౌండేషన్‌తో కలిసి కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో ఏఐ సాయంతో తెలుగు, లెక్కలు నేర్పడం మొదలుపెట్టింది. చదువులో వెనకబడ్డ మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను చిన్న జట్లుగా కంప్యూటర్ల ముందు కూర్చోబెడతారు. ఆ ఏడాది జులైలో మరో అడుగు వేసి ఆరు సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. ఎక్‌స్టెప్‌తో పాటు ప్రథమ్, ఖాన్ అకాడమీ, ఫిజిక్స్ వాలా, పై జామ్, ఎడ్యుకేట్ గర్ల్స్ ఇందులో ఉన్నాయి. ఒకరు లెక్కలు, సైన్స్ వీడియోలు ఇస్తారు. ఒకరు కోడింగ్ నేర్పుతారు. ఒకరు బడి మానేసిన ఆడపిల్లలను వెనక్కి తెచ్చే పని చూస్తారు.

వీటన్నిటిలో తెలుగువాళ్లం ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది చదివి వినిపించే పని. మూడో తరగతి పిల్లవాడు 'విద్యార్థి'ని 'విదార్థి' అని చదివితే, ద కింద యావత్తును కన్ను దాటేసిందని గుర్తించాలి. 'పుస్తకం' దగ్గర ఆగిపోతే తవత్తు రాక ఆగాడో, మాట తెలియక ఆగాడో తేల్చాలి. ఒక టీచరు ముప్పై మందిని రోజూ విడివిడిగా చదివించి వినలేరు. యంత్రం వినగలదు. అయితే అది ఎవరి గొంతు విని తెలుగు నేర్చుకుంది? స్టూడియోలో వార్తలు చదివే పెద్దల గొంతులతో శిక్షణ పొందిన యంత్రానికి ఉట్నూరులో గోండి ఇంటి పిల్లాడు చదివే తెలుగు, తండాలో లంబాడీ ఇంటి పిల్ల చదివే తెలుగు, సిక్కోలు యాస తప్పులుగా వినిపిస్తాయి. యాసకు మార్కులు కోసే యంత్రం పిల్లవాడి నోరు మూయిస్తుంది.

ఈ చిక్కు విడాలంటే గొంతులు కావాలి, గొంతులు పోగుచేసే మనుషులు కావాలి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమమైన స్వేచ్ఛ కార్యకర్తలు, వాళ్లతో నడిచిన ఇంజినీరింగ్ విద్యార్థులు తెలుగు మాటను, కథను పోగుచేసే పని కొన్నేళ్లుగా చేస్తున్నారు. ఐఐటీ మద్రాసులో ఏఐ ఫర్ భారత్ కేంద్రం భారతీయ భాషల నమూనాలను తయారుచేసి అందరికీ తెరిచి పెడుతోంది. ఈ పనిలోకి ప్రాథమిక పాఠశాల పిల్లల గొంతులు, అన్ని జిల్లాల నుంచి, తల్లిదండ్రుల అనుమతితో రావాలి. ఏ కంపెనీ ఒంటరిగా చేయలేని పని ఇది. విశ్వవిద్యాలయాలు, విద్యాశాఖ, స్వచ్ఛంద కార్యకర్తలు కలిస్తే ఒకసారి చేసి, తరాల తరబడి వాడుకోవచ్చు.

టీచరు లేని ఒప్పందం చెల్లదు

ఈ ఏర్పాట్లలో అందరికంటే తక్కువ మాట వినిపించేది టీచరుది. ఎస్జీటీలనో స్కూల్ అసిస్టెంట్లనో కదిపి చూడండి. టెక్నాలజీ అనగానే వాళ్లకు ముందు గుర్తొచ్చేది హాజరు యాప్, భోజనం యాప్, ఫొటోల అప్‌లోడ్, సాయంత్రంలోగా పంపమనే గూగుల్ షీట్. సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని బడి ఆవరణలో తిరిగిన టీచరుకు ఇంకో యాప్ వచ్చిందంటే ఉత్సాహం ఎలా వస్తుంది? ఆంధ్రప్రదేశ్ ఇటీవల వేర్వేరు యాప్‌లను లీప్ అనే ఒక్కదానిలోకి చేర్చింది. టీచరు సమయం మిగిల్చే పని కాబట్టి పిల్లలకు మేలు చేసేదే.

సరైన సాధనం టీచరు చేతికి ఏమిస్తుందో చూడాలి. సోమవారం ఉదయం పాల్ నివేదిక తెరిస్తే, ఆరో తరగతిలో పద్నాలుగు మంది స్థానవిలువల దగ్గరే ఆగిపోయారని కనిపించిందనుకుందాం. 305 రాయమంటే 3005 రాస్తున్నారు. టీచరు ఆ పద్నాలుగు మందిని ఒక జట్టుగా కూర్చోబెట్టి, పుల్లలు పదేసి కట్టలు కట్టించి, పది కట్టలు కలిస్తే వంద అని చేతులతో లెక్కపెట్టిస్తారు. ఎవరికి ఏది రాలేదో యంత్రం చెప్పింది. ఎలా వస్తుందో టీచరుకు తెలుసు. ఈ రెండూ కలిసిన పీరియడ్‌కే డిజిటల్ చదువు అని పేరు పెట్టాలి. అందుకు టైంటేబుల్‌లో పాల్ పీరియడ్ ఖాయంగా ఉండాలి, పరీక్షలొచ్చాయని దాన్ని వేరే సబ్జెక్టుకు ఇచ్చేయకూడదు. నివేదిక చదివి పాఠం మార్చుకునే స్వేచ్ఛను ఎంఈవో, డీఈవోలు టీచరుకు ఇవ్వాలి. ఆ నివేదికను టీచరును మందలించడానికి వాడిన రోజున, ఎవరూ దాన్ని నిజాయితీగా నింపరు.

భాష సంగతీ ఇక్కడే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. పిల్లవాడికి ఇంగ్లిషు ప్రశ్న అర్థం కాక తప్పు చేశాడో, లెక్క రాక తప్పు చేశాడో తేల్చడానికి అదే సౌకర్యం ట్యాబులోనూ ఉండాలి. ఒక్క నొక్కుతో ప్రశ్న తెలుగులోకి మారాలి.

సంతకానికి ముందు అడగాల్సినవి

ఉమ్మడి పని అంటే జ్ఞాపిక ఇచ్చిపుచ్చుకునే ఫొటో కాదు. ఎవరు, ఎప్పటిదాకా, దేనికి పూచీ అన్నది రాసుకోవడం. యునెస్కో 2023 ప్రపంచ విద్యా నివేదిక కూడా బడుల్లోని టెక్నాలజీ ఎవరి షరతుల మీద నడుస్తోందన్న ప్రశ్ననే తన శీర్షికగా పెట్టుకుంది. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి ఒప్పందానికీ ఈ ఐదు షరతులు ఉండాలి:

• ఫలితాన్ని మూడో పక్షం కొలవాలి. ఎన్ని గంటలు వాడారన్నది కొలత కాదు, ఎంత నేర్చుకున్నారన్నదే కొలత. ఫలితం బాగున్నా లేకున్నా జనం ముందు పెట్టాలి.

• పాఠం, పిల్లల ప్రగతి వివరాలు ప్రభుత్వం చేతిలో ఉండాలి. సంస్థ మారినా పిల్లవాడి చరిత్ర చెరిగిపోకూడదు.

• పిల్లల వివరాలు వ్యాపారానికి పోకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారిని గురిపెట్టే ప్రకటనలను నిషేధిస్తోంది. ఆ నిబంధన ఒప్పందంలోనూ రాసి ఉండాలి.

• మరమ్మతుకు గడువు, గడువు దాటితే జరిమానా ఉండాలి. బీరువాలో మూలుగుతున్న ట్యాబు ప్రజాధనం మీద పడ్డ నష్టం.

• టీచర్లకు కొనుగోలుకు ముందే వాడి చూసి కాదనే హక్కు, కొన్నాక శిక్షణ, ఏడాది పొడవునా సాయం చేసే మనిషి ఉండాలి.

డబ్బు లేదన్న మాట ఇక్కడ పూర్తిగా నిలవదు. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల అభ్యసనాన్ని మెరుగుపరిచే సాల్ట్ ప్రాజెక్టుకు ప్రపంచ బ్యాంకు 2021లో 25 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు బడుల వైపు వస్తున్నాయి. విదేశాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లు సొంతూరి బడికి కంప్యూటర్లు, తెరలు పంపుతున్నారు. వాళ్లకో మనవి. ఇంకో తెర కొనే ముందు హెచ్ఎంకు ఫోన్ చేసి, ఉన్న తెర పనిచేస్తోందా, ఇన్వర్టర్ ఉందా, లెక్కల టీచరు పోస్టు నిండిందా అని అడగండి. ఏడాదిపాటు ల్యాబ్ చూసుకునే ఊరి అమ్మాయికి జీతం ఇవ్వడం చాలాసార్లు పది కొత్త ట్యాబుల కంటే ఎక్కువ చదువు తెస్తుంది.

ఈ పనిలో ఇంకా సరిగ్గా చేయి వేయనివాళ్లు తల్లిదండ్రులు. తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు నుంచి మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు జరుగుతున్నాయి. ఆ కుర్చీల్లో కూర్చున్న అమ్మానాన్నలు హాజరు వేయించుకుని, మైకు ప్రసంగం విని లేచి వచ్చేయకూడదు. మా అమ్మాయి లెక్కల్లో ఏ తరగతి స్థాయిలో ఉంది? జూన్‌లో ఎక్కడుంది, ఇప్పుడెక్కడుంది? ల్యాబ్ పీరియడ్ వారానికి ఎన్నిసార్లు జరుగుతోంది? ఈ మూడు ప్రశ్నలకు చదువు రాని తల్లికి కూడా అర్థమయ్యేలా జవాబు చెప్పగలిగిన బడిలో టెక్నాలజీ పనిచేస్తోందని నమ్మవచ్చు. చెప్పలేకపోతే, ఎంత పెద్ద కంపెనీ సంతకం పెట్టినా, ఎంత పెద్ద తెర బిగించినా ఆ ఒప్పందాన్ని మళ్లీ రాయాల్సిందే. అడిగే హక్కు తల్లిదండ్రులది, జవాబు చెప్పే బాధ్యత మిగతా నలుగురిది. వచ్చే సమావేశంలోనే మొదలుపెట్టండి.